కీచురాయి చోటు

"మళ్ళీ బాతు దిగింది," అన్నాడు రథ్ బాబు కటక్ నుంచి.

ఆ మాట ఒక్క కుంజలత చెవిన పడితే సరిపోయేది. పొద్దున్నే సెట్లు ముందేసుకుని కూర్చున్న రేడియో హాములందరి చెవినా పడింది. అందరూ లైసెన్సు తీసుకుని, సొంత ఖర్చుతో, సొంత సరదాతో గాల్లో కబుర్లు చెప్పుకునేవాళ్ళే. బాలేశ్వర్‌లో ఎవరో కిసుక్కున నవ్వారు. పూరీ నుంచి ఒకాయన, "కాసిని నీళ్ళు పట్టండి సార్, ఈదుకుంటుంది," అన్నాడు. కేంద్రపడాలో కుంజలత మైకు మీట మీద పెట్టిన వేలు వెనక్కి తీసుకుంది.

"కేంద్రపడా, వింటున్నావామ్మా? నీ సెట్టు శృతి ఉండాల్సిన చోట లేదు. పక్కకి జరిగి కూర్చుంది. అందుకే నీ గొంతు మాకు బాతు అరిచినట్టు వస్తోంది. కార్తీకం వచ్చింది, తుఫాన్ల కాలం. రేపేదైనా జరిగితే నువ్వు చెప్పేది నాకర్థం కాకపోతే ఎవరు జవాబు? ఆదివారం మీ ఊరు వస్తున్నాను. సెట్టు పట్టుకొచ్చి సరి చేయించుకో. లేదంటే తుఫాను డ్యూటీ నుంచి నిన్ను తీసేస్తాను. ఓవర్."

అందర్లోకీ ఆడమనిషి తనొక్కతే. సెట్టు కూడా తనొక్కదానిదే ఇంట్లో చేసుకున్నది. మిగతావాళ్ళవి కొన్న సెట్లు, గుండ్రటి డయళ్ళు, అటు తిప్పితే అటు, ఇటు తిప్పితే ఇటు. కుంజలత సెట్టుకి డయలే లేదు. లోపల ఒక క్రిస్టల్ బిళ్ళ, దాని పక్కన కందిగింజంత స్క్రూ. అది ఎక్కడ నిలబెడితే సెట్టు అక్కడే మాట్లాడుతుంది, అక్కడే వింటుంది. వాళ్ళ గొంతులూ ఆమెకి బాతుల్లాగే వస్తాయి, అలవాటు మీద మాటలు పోల్చుకుంటుంది.

"సరే సార్," అంది. అదీ బాతులాగే వెళ్ళుంటుంది.

తులసికోట దగ్గర దీపం పెడుతున్న అత్తగారు హేమలత వెనక్కి తిరక్కుండానే అంది: "ఏం బొహూ, ఇవాళా తిట్లతోనే తెల్లారిందా? మా రోజుల్లో కోడళ్ళని అత్తలు తిట్టేవాళ్ళు. ఇప్పుడా పని కూడా బ్యాటరీ మీద నడుస్తోంది."

"మీకు పని తగ్గిందని సంతోషించండమ్మా."

"కార్తీక హబిస వ్రతంలో ఉన్నాను. ఒంటిపూట తిండి. తిట్టే ఓపిక నాకెక్కడిది?" అంటూనే ఆవిడ పావుగంట తిట్టింది, కోడల్ని కాదు, రథ్ బాబుని.

సాయంత్రమయ్యేసరికి సెట్టు సంగతి వేరు. దీపాలవేళ దాటగానే ఎక్కడో విదేశంలో ఒక పెద్ద స్టేషను పాడటం మొదలెడుతుంది. ఆ పాట వినపడదు గానీ, కుంజలత సెట్టు నిలబడ్డ చోట దాని తాలూకు సన్నటి కూత ఒకటి సన్‌షేడ్ కింద కీచురాయిలా ఆగకుండా వస్తుంది. ఆ కూత కింద నుంచి తమ్ముడు బైధర్ గొంతు వచ్చేది.

"అపా, కీచురాయి ఉందా?"

"ఉందిరా. నీకు?"

"నాకూ ఉంది. అయితే ఇద్దరం బతికే ఉన్నాం."

అక్కాతమ్ముళ్ళ పలకరింపు అదే. ఒకే బల్ల మీద, ఒకే సోల్డరింగ్ కడ్డీతో రెండు సెట్లు చేసుకున్నారు వాళ్ళు. ముందు అక్కది పలికింది. దాన్ని విని, తన స్క్రూ తిప్పుకుంటూ తిప్పుకుంటూ వచ్చి దాని మీద వాలాడు తమ్ముడు. ఇప్పుడతను ఏటి మొగలో బాలిదియా దీవి మీద తాబేళ్ళ కాపలా క్యాంపులో ఉన్నాడు. అతనితో పాటు నలుగురు, ఒక నాటుపడవ, ఒక ఇటుకల మంచె. ఆఫీసు వాళ్ళిచ్చిన వైర్‌లెస్ చచ్చిపోయి ఏడాది దాటింది. ఈ కీచురాయే దిక్కు.

"ఇవాళ ఆలస్యం చేశావేంటి?" అన్నాడు బైధర్. "ఇంకాసేపు చూసి పడవేసుకుని వచ్చేద్దామనుకున్నా."

"నీ మొహం. ఏటి మొగ దాటడమంటే గట్టు దాటడమా? రవికకి కాజాలు కుడుతూ కూర్చుండిపోయాను."

"నీ గొంతు వినపడకపోతే నేను మాత్రం ఊరుకోనపా. ముందే చెప్తున్నా."

ఆదివారం సంగతి చెబుదామని నోటిదాకా వచ్చింది కుంజలతకి. చెబితే బాతు సంగతి చెప్పాలి. తన అక్క కటక్ దొరలతో సరిసమానంగా మాట్లాడుతోందని ఆ నలుగురికీ గొప్పలు చెప్పుకుంటాడు వాడు. ఎలా చెప్తుంది? వెంట్రుకవాసి తేడాకి వీడెక్కడికి పోతాడులే అనుకుంది. ఏమన్నా అయితే సోమవారం సరుకుల పడవ వెళుతుంది, పడవవాడు సదేయి చేత కబురు పంపితే స్క్రూ వాడే తిప్పుకుంటాడు. అలా సర్దిచెప్పుకుని, "అన్నం తిన్నావా?" అని మాట మార్చేసింది.

ఆదివారం స్కూలు గదిలో రథ్ బాబు బల్ల మీద తెల్లగుడ్డ పరిచి తన సామాను పేర్చాడు. మనిషి చెడ్డవాడు కాదు. చాదస్తుడు. పాన్ నమిలే నోటితో సెట్టు మీదకి వంగకూడదని బయటికెళ్ళి ఉమ్మి, నోరు పుక్కిలించి మరీ వచ్చాడు.

"ముందు వేడెక్కనీ. చల్లటి సెట్టుని సరిచేస్తే వేడెక్కాక జారిపోతుంది," అని అరగంట కూర్చోబెట్టాడు. ఆ అరగంటలో దిల్లీ నుంచి టిక్కు టిక్కుమని వచ్చే ప్రామాణిక సంకేతాన్ని పట్టి, తన కొలత పెట్టెని దానితో కలిపాడు. ఆ తర్వాత కుంజలత సెట్టు మూత తీశాడు. తీసి, అతుకుల వరస మీదుగా చూపు పోనిచ్చాడు.

"నువ్వే అతికావా ఇవన్నీ?"

"అవును సార్. నేనూ మా తమ్ముడూ."

"అతుకులు శుభ్రంగా ఉన్నాయి. చోటే తప్పు," అని వెదురుపుల్ల అందుకున్నాడు. ఇనప స్క్రూడ్రైవరు పనికిరాదు. ఇనుము దగ్గరికొస్తే చాలు శృతి మారిపోతుంది, తీస్తే ఇంకోలా మారుతుంది. చెయ్యి దగ్గరగా ఉన్నా అంతే. అందుకని ఉలిలా చెక్కిన వెదురుపుల్లతో కాస్త తిప్పడం, చెయ్యి దూరంగా తీసి వినడం, మళ్ళీ కాస్త తిప్పడం.

ముందు పెద్ద ఈల వచ్చింది. తిప్పుతుంటే ఈల లావెక్కుతూ దిగింది, హుంకారమైంది, ఇంకా దిగి నిద్రపోయే మనిషి గురకలా ఒక్కొక్కటే లేచి పడింది. ఆఖరికి అదీ ఆగిపోయింది. గదిలో ఏ చప్పుడూ లేదు.

"విన్నావా?" అన్నాడు రథ్ బాబు. "ఏమీ వినపడకపోవడమే సరి. రెండూ ఒకటైపోయాయన్నమాట."

పుల్ల తిరిగింది వెంట్రుకవాసి కాదు. స్క్రూ దాదాపు పావు చుట్టు తిరిగింది. కుంజలత కళ్ళారా చూసింది.

"సార్, మా తమ్ముడి సెట్టు దీనికి జత. బాలిదియాలో ఉంది. ఇది కదిలితే వాడు..."

"రెండు తప్పులు ఒకదానికొకటి సరిపోయినంత మాత్రాన ఒప్పయిపోతాయామ్మా? అతన్నీ సరిచేసుకోమను."

"వాడు దీవి మీద ఉన్నాడు సార్."

"సెలవులకి రాడా?" అంటూ కొవ్వొత్తి వెలిగించాడు. కరిగిన మైనం మూడు చుక్కలు స్క్రూ మీద పడి, తెల్లబడి, గట్టిపడ్డాయి. "ఇంక భూకంపం వచ్చినా కదలదు. దీన్ని ముట్టుకోకు."

వెనక నిలబడి చూస్తున్న ఊరివాళ్ళు చప్పట్లు కొట్టారు. కుంజలత దణ్ణం పెట్టి సెట్టుని పసిపిల్లలా చంకనేసుకుని బయటపడింది. ఇంకొక్క మాట గట్టిగా అడిగుండాల్సింది. నలుగురి ముందూ నోరు పెగల్లేదు.

ఆ సాయంత్రం దీపాలవేళ దాటింది. కీచురాయి లేదు.

"అబ్బ, నా తల్లే! ఇల్లు ఎంత చల్లగా ఉందో," అంది హేమలత. "మూడేళ్ళ నుంచి నా తల తొలిచేసిందా కూత. ఆ కటకాయన కడుపు చల్లగుండ."

"బైధర్, బైధర్, అపా పిలుస్తోంది. ఓవర్." మీట వదిలింది. బుసబుస తప్ప ఏం లేదు. మళ్ళీ పిలిచింది. హెడ్‌ఫోను చెవులకేసి నొక్కి, ఊపిరి బిగబట్టి వింది. వాడి సెట్టు బలం ఎంత? సైకిలు దీపమంత. ఎదురుగా ఉంటేనే కనపడేది. వాడక్కడ పాత చోట కూర్చుని తనని పిలుస్తూ ఉంటాడు. పిలిచి పిలిచి ఏమనుకుంటాడు?

అన్నం మధ్యలో వదిలేసి మళ్ళీ మైకు అందుకుంది.

సోమవారం తెల్లారకుండానే సదేయి ఇంటికి పరిగెత్తింది. సదేయి పడవని ఒడ్డుకి లాగించి, సరుగుడు చెట్టుకి మూడు తాళ్ళేసి కడుతున్నాడు.

"పడవా? పిచ్చా నీకు? జెండా ఎగరేశారు చూడలేదా? సముద్రం ముఖం బాలేదు."

"ఒక్క మాట చెప్పి రావాలి సదేయి భాయి. స్క్రూ పావు చుట్టు కుడికి తిప్పమని. అంతే."

"పావు చుట్టు కోసం నా పెళ్ళాం గాజులు పగలగొట్టుకోవాలా?" అని, ఆమె ముఖం చూసి గొంతు తగ్గించాడు. "తుఫాను ఉత్తరానికి పోతుందంటున్నారు. రెండ్రోజులాగు. నేనే తీసుకెళ్తా."

ఇంటికొచ్చేసరికి సెట్లో రథ్ బాబు పిలుపు. పొద్దున ఆమె గొంతు విని, "భేష్! బాతు మనిషైంది!" అని మెచ్చుకున్నాడు. బాలేశ్వర్ వాళ్ళూ పూరీ వాళ్ళూ అభినందించారు. నెల రోజుల కిందటైతే ఆ మాటకి పొంగిపోయేది. ఇప్పుడు "థాంక్స్ సార్" అని మీట వదిలేసింది. ఆ రోజు సాయంత్రం కూడా పిలిచింది. ఆ రోజు కూడా ఏమీ లేదు.

మంగళవారం గాలి మొదలైంది. కరెంటు పోయింది, ఫోన్లు పోయాయి. కుంజలత మొగుడు బస్సు డ్రైవరు, కటక్‌లోనే చిక్కుకుపోయాడు. ఇంట్లో అత్తాకోడళ్ళిద్దరే. లారీ బ్యాటరీ ఒకటి, సెట్టు ఒకటి. కేంద్రపడా నుంచి బయటి ప్రపంచానికి మాట పోయే దారి ఇంక అదొక్కటే. ఏ ఊళ్ళో నీళ్ళెంత వచ్చాయి, ఏ స్కూల్లో జనం చేరారు అని ఎవరెవరో తడుస్తూ వచ్చి చెప్పి వెళుతున్నారు. ఆమె గంట గంటకీ రథ్ బాబుకి చేరవేస్తోంది. కొబ్బరిచెట్ల మధ్య కట్టిన ఏరియల్ తీగ గాలికి ఈలలేస్తోంది. తీగ ఈల వినపడ్డప్పుడల్లా కీచురాయేమోనని ఉలిక్కిపడుతోంది.

పొద్దు వాలుతుండగా రథ్ బాబు గొంతు మారింది.

"అన్ని స్టేషన్లూ వినండి. తుఫాను ఉత్తరానికి పోవడం లేదు. తిరిగింది. ఈ రాత్రికి ఏటి మొగ దగ్గరే ఒడ్డెక్కుతుంది. నీళ్ళు మనిషి ఎత్తుకి పైన లేస్తాయి. ఏ పడవా నీళ్ళలోకి దిగకూడదు. ఎక్కడివాళ్ళక్కడే గట్టి కట్టడం మీదకి ఎక్కాలి. కేంద్రపడా, అందిందా?"

కుంజలతకి బైధర్ మాట గుర్తొచ్చింది. వినపడకపోతే ఊరుకోనపా. నవ్వుతూ అన్న మాటే. కానీ వాడు నవ్వుతూ అన్న మాటలన్నీ చేసి చూపించే రకం. ఈ రోజుకి మూడో సాయంత్రం. సముద్రం పాటు మీద నీళ్ళు వెనక్కి తీసేది చీకటి పడగానే. దాటాలంటే అప్పుడే దాటతాడు.

"అందింది సార్. సార్, బాలిదియాలో అయిదుగురున్నారు. వాళ్ళకి చెప్పాలంటే నా పాత చోటికి జరగాలి. కాసేపు జరుగుతాను, పర్మిషనివ్వండి."

"వద్దు! కదలకు. డయలు లేని సెట్టు నీది. ఈ పిడుగుల మోతలో బాతు అరుపు ఎవరికర్థమవుతుంది? మళ్ళీ ఇక్కడికి ఎలా వస్తావు? నువ్వు పోతే కేంద్రపడా మొత్తం చీకటైపోతుంది. వాళ్ళ దగ్గర ట్రాన్సిస్టర్ ఉంటుంది, వార్తలు వింటారు. జరగొద్దు. ఇది ఆర్డరు. ఓవర్."

ఆయన అన్నదీ నిజమే. ఇటు వేలమంది, అటు అయిదుగురు. అయిదుగుర్లో ఒకడికి చిన్నప్పుడు ముక్కు తుడిచింది తనే. మైకు కింద పెట్టి మూత తీసింది. లాంతరు వెలుగులో మైనం తెల్లగా, బొట్టులా కనపడింది.

"ఏం చేస్తున్నావే?" అంది హేమలత.

"తప్పు చేస్తున్నానమ్మా," అంది కుంజలత. రవికల కుట్లు విప్పే సూదితో మైనం పెళ్ళగించింది. తొందరలో తన పాత వెదురుపుల్ల స్క్రూ గాడిలో నిలబడటం లేదు. "బైధర్‌కి నేను వినపడి మూడ్రోజులైంది. వాడు పడవ తీస్తాడమ్మా. నా కోసం పడవ తీస్తాడు."

హేమలత జపమాల పక్కన పెట్టింది. హబిస నీరసంతో రెండు రోజులుగా మంచం దిగని మనిషి, దిగి వచ్చి కోడలి పక్కన చతికిలపడింది. "ఆ లాంతరు నాకివ్వు. నువ్వు నీ పని చూడు."

కుంజలత హెడ్‌ఫోను పీకేసి స్పీకరు పెట్టింది. ఎడమకి తిప్పింది. బుసబుస, పిడుగుల చిటపట. ఇంకొంచెం. ఎక్కడో సన్నగా కూత లేచింది. చెయ్యి తీసింది. కూత మారిపోయింది. మళ్ళీ పుల్ల పెట్టింది. ఈ గాలిలో, ఈ తీగ ఈలలో, పాత కూత ఎంత సన్నగా ఉండేదో ఆమెకి గుర్తు రావడం లేదు. రోజూ విన్నదే, ఇప్పుడు గుర్తు రావడం లేదు. ఏడుపొచ్చింది.

"ఇది కాదు," అంది హేమలత.

"ఆఁ?"

"ఇది లావుగా ఉంది. మూడేళ్ళు నా తల తిన్న కూత నాకు తెలీదా? ఇంకా సన్నం. సూదితో చెవిలో పొడిచినట్టుండాలి."

కుంజలత తిప్పింది.

"ఎక్కువైంది. కుక్కలకి తప్ప వినపడేట్టు లేదు. వెనక్కి రా. ఆఁ... చెయ్యి తియ్యి. చూశావా, చెయ్యి తీస్తే దిగిపోతోంది. ఇంకాస్త పైనుంచి పట్టు." లాంతరు కదలకుండా ఎత్తి పట్టుకుంది ఆ ముసలమ్మ. కళ్ళు మూసుకుని వింటోంది. "ఇంకొక్క పిసరు. ఆగు. చెయ్యి తియ్యి."

కుంజలత చెయ్యి తీసింది.

"ఇదే. ఈ దిక్కుమాలిన కూతే! జగన్నాథా, నా తల మళ్ళీ మొదలైంది."

కూత కింద, ఈగ రెక్కంత పల్చగా, ఒక గొంతు.

"...పా, అపా, బైధర్ పిలుస్తున్నా. ఇదే ఆఖరు పిలుపు. పాటు మొదలైంది. పడవ తీస్తున్నాం. నువ్వు వింటున్నావో లేదో... సెట్టు కట్టేస్తున్నా..."

"కట్టెయ్యకు!" అరిచింది కుంజలత. మీట నొక్కకుండానే అరిచింది. తర్వాత నొక్కి, "బైధర్! అపా. అపా. కట్టెయ్యకు. పడవ తియ్యకు. ఓవర్."

బుసబుస. ఒక క్షణం, రెండు.

"అపా?" వాడి గొంతు విరిగింది. "ఎక్కడికి పోయావే? చచ్చిపోయావనుకున్నా. ఇల్లు కూలిందనుకున్నా. మూడ్రోజులు నిద్ర లేదు. మా వాళ్ళు వద్దంటున్నా నేనే పట్టుపట్టా పడవకి. ఓవర్."

"నేను బాగున్నా. తప్పు నాదే, తర్వాత తిట్టుకుందువుగాని. విను. తుఫాను తిరిగింది. నీ మీదకే వస్తోంది. మనిషి ఎత్తు నీళ్ళు. పడవ ఒదిలెయ్. అయిదుగురూ మంచె ఎక్కండి. నీళ్ళూ బియ్యం పైకి చేర్చుకోండి. అర్థమైందా? ఓవర్."

"రేడియోలో ఉత్తరానికన్నారు. మా ట్రాన్సిస్టర్ నిన్నటి నుంచి పలకట్లేదు." వెనకాల ఎవరో కేకలేస్తున్నారు. "సరే అపా. ఎక్కుతున్నాం. నువ్వు ఇక్కడే ఉంటావా?"

కటక్ ఎదురుచూస్తోంది. రథ్ బాబు గంట పిలుపు దాటిపోయింది. ఊళ్ళో నీళ్ళెక్కడిదాకా వచ్చాయో చెప్పేవాళ్ళు వాకిట్లో తడుస్తూ నిలబడున్నారు. ఇప్పుడు తిరిగి వెళ్ళాలంటే పావు చుట్టు కుడికి. కానీ ఏ పావు? దిల్లీ టిక్కుటిక్కు పట్టే పెట్టె తన దగ్గర లేదు. అటు వెళ్ళే దారిలో ఏ కూతా లేదు, ఏమీ వినపడకపోవడమే గుర్తు. వెళ్ళి దారి తప్పితే కటకూ దక్కదు, తమ్ముడూ దక్కడు. వెదురుపుల్ల పట్టుకుని కూర్చుండిపోయింది.

అప్పుడు స్పీకర్లో ఏదో గొణిగింది. క్వాక్, క్వాక్ మంటూ, అచ్చం బాతు.

కుంజలత ముందుకి వంగింది. ఆమె చెయ్యి స్క్రూ మీద లేదు. అయినా ఆ బాతు అరుపు మారుతోంది. ముక్కుతో మాట్లాడినట్టయింది. తర్వాత జలుబు చేసిన మనిషిలా. మెల్లమెల్లగా ఒక గొంతు అందులోంచి బయటికొచ్చింది. ఆ గొంతు కంగారుపడటం ఆమె ఎప్పుడూ వినలేదు.

"...కేంద్రపడా, కేంద్రపడా, ఎక్కడున్నావమ్మా? పిలిచి పిలిచి నా గొంతు పోయింది. మాట్లాడు. కుంజలతా, కటక్ వెతుకుతోంది నిన్ను..."

"సార్!" అంది. "ఇక్కడున్నాను సార్. కదిలాను. క్షమించండి. తమ్ముడు దొరికాడు. పడవ ఆపాను. తిరిగి మీ చోటికి రావడం నాకు..."

"రావద్దు." రథ్ బాబు ఊపిరి తీసుకోవడం వినపడింది. "పుల్ల పక్కన పెట్టు. ముట్టుకోకు. నా డయలు తిరుగుతుంది, నీది తిరగదు. ఈ ముక్క నాకు ఆదివారమే తట్టాలి. తట్టలేదు. అన్ని స్టేషన్లూ నా వెనకే ఈ పక్కకి వస్తున్నాయి. బాలేశ్వర్, చేరావా?"

"చేరాను సార్. ఇక్కడేదో కూత ఉంది."

"ఉండనీ."

"పూరీ చేరింది సార్. కీచురాయిలా ఉంది," అన్నాడు నీళ్ళు పట్టమన్న ఆయన. ఈసారి ఎవరూ నవ్వలేదు.

కూత అడుగు నుంచి, అందరికంటే బలహీనంగా, ఇంకో గొంతు లేచింది. "బాలిదియా. మంచె మీద ఉన్నాం, అయిదుగురం. ఇంతమంది మా చోటికి ఎందుకొచ్చారు అపా?"

కుంజలత నవ్విందో ఏడ్చిందో ఆమెకే తెలీదు. గాలి ఒక్కసారిగా తలుపు తన్నింది. పైకప్పు మీద పెంకు ఒకటి లేచి ఎక్కడో పడి పగిలింది. బల్ల అదిరింది, సెట్టు అదిరింది, కూత ఒక్క క్షణం జారి మళ్ళీ వచ్చింది. ఆమె బల్లని అదిమి పట్టుకుంది.

హేమలత దేవుడి అరలోంచి కొవ్వొత్తి ముక్క వెతికి తెచ్చింది. లాంతరు మంటకి అంటించి కోడలికందించింది.

"మైనం వెయ్యవే బొహూ," అంది. "ఇక్కడే వెయ్యి. నా తల సంగతి తర్వాత చూద్దాం."